బోడెమ్మ మోపు

అనగనగా, ఉప్పు ఇంకా ఆడవాళ్ల నెత్తిమీద ఊరూరా తిరిగే రోజుల్లో, కొండకీ సముద్రానికీ మధ్య మూడు ఊళ్లుండేవి. ఇసకపాలెం, మొగలిపాడు, కొండదిగువ. ఊఁ కొడుతూ వినండి. ఊఁ కొట్టనివాళ్లకి సగం కథే దక్కుతుంది.

మూడు ఊళ్లకీ కలిపి ఒకటే బాట. బాట అనడం మర్యాదకి. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము, నడిమధ్యలో మోకాటిగుంట. దిగిన ఎద్దుకి మోకాళ్లు మునిగేవి కాబట్టి ఆ పేరు. సంతకి పోయే బళ్లు సగం అక్కడే కూలబడేవి. ఇక ఇళ్లు చూస్తే అన్నీ తాటాకువే. వేసవిలో పడమటిగాలి లేచిందంటే ఎవరిదో ఒకరి ఇల్లు అంటుకునేది. వాళ్లు వానాకాలమంతా పరాయి చూర్ల కింద నానేవాళ్లు.

ఇలా కాదని మూడు ఊళ్ల పెద్దలూ కూర్చున్నారు. మూడు పూటలు తిని మూడు కట్టుబాట్లు చేశారు.

ఏడాదికి మూడు రోజులు గడపకొక మనిషి బాట పనికి రావాలి. ఎవరి ఇల్లు కాలినా గడపకొక తాటాకు మోపు ఇవ్వాలి. ఆ ఆకు బాట పని చేసిన ఇంటికే. పని చేసిన ఇంటి గుమ్మానికి సున్నం బొట్టు పెడతారు. బొట్టు చూపించినవాళ్లకి ఆకు.

ఈ మూడోది మొగలిపాడు పెదనాయుడి బుర్రలో పుట్టింది. "పని ఎగ్గొట్టినోడు ఆకుకి రాకూడదు గదా!" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. అందులో ఉన్న చిల్లు ఒక్కరికీ కనబడలేదు. మీకు కనబడిందా? ఊఁ కొట్టండి, అదే బయటపడుతుంది.

మొగలిపాడు చివర ఉప్పమ్ముకునే బోడెమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నది ఒకే గుంజ మీద నిలిచే ఒంటినిట్టాడి పాక, ఒక గంప. మొదటి ఏడు ఆ గంప పట్టుకుని బాట పనికి వెళ్లింది. పెదనాయుడు గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకే? గడపకొక మనిసి అన్నాం గదా."

"నాను మనిసిని కానా, బాబూ?"

"మనిసంటే మగమనిసి. ఎల్లెల్లు."

రెండో ఏడూ వెళ్లింది. "నాను మనిసిని కానా, బాబూ?" ఎల్లెల్లు అన్నాడు. మూడో ఏడూ అంతే. మూడేళ్లూ ఆమె గుమ్మానికి బొట్టు పడలేదు.

బోడెమ్మ అలగలేదు. రోజూ ఆ బాట తొక్కేవి ఆమె కాళ్లే కదా! సంతకి ఉప్పుగంపతో పోయేది, ఖాళీగంపతో వచ్చేది. ఖాళీగా ఎందుకని గెడ్డ వాగులో గులకరాళ్లు నింపుకొచ్చి మోకాటిగుంటలో పోసేది. రోజుకొక గంప.

బండి తోలే గవిరయ్య, గుమ్మాలకి బొట్లు పెట్టేదీ అతనే, నవ్వేవాడు. "బోడెమ్మప్పా, సముద్రంలో ఉప్పు పోత్తన్నావేటి?"

"నాకాడ ఉన్నది పోత్తన్నాన్రా," అని ఆమె కూడా నవ్వేది.

నాలుగో వేసవిలో బోడెమ్మ సంతకి పోయినపూట ఆమె పాక కాలిపోయింది. వచ్చేసరికి బూడిద. నేరుగా పెదనాయుడి దగ్గరికి వెళ్లింది.

"పాక కాలిపోనాది, బాబూ. ఆకు ఇప్పించండి."

"బొట్టేదీ?"

"గుమ్మమే లేదు గద, బాబూ."

"గుమ్మం ఉన్నప్పుడూ లేదు గదే!"

అది నిజమే. అందుకే విన్నవాళ్లంతా ఎవరి పనికి వాళ్లు పోయారు. గవిరయ్యకి మాత్రం ప్రాణం ఒప్పలేదు. తన పశువుల శాలలో ఆమెకి చోటిచ్చి, "వానొస్తే కప్పుకో," అని ఒక్క మోపు ఆకు చాటుగా ఇచ్చాడు.

పది రోజులు తిరక్కుండా పెదనాయుడి ఇల్లే అంటుకుంది. పొయ్యిలోంచి రవ్వ లేచింది, గాలి దాన్ని కప్పుమీదికి తీసుకుపోయింది. కోడలు పదకొండు రోజుల బిడ్డని ఎత్తుకుని బయటపడింది. ఇల్లు మిగల్లేదు. ఆపైన కొండమీద మబ్బు కమ్ముకొస్తోంది.

పెదనాయుడు చావడి ముందు నిలబడి ఆకు అడిగాడు. గవిరయ్య చేతులు కట్టుకున్నాడు.

"బొట్టేదీ, నాయుడుబాబూ?"

"నా గుమ్మానికి మూడు బొట్లున్నాయిరా! పెట్టింది నువ్వే గదరా!"

"పెట్టాను. సూపించు."

పెదనాయుడు వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మం బూడిదైపోయింది, బొట్లూ బూడిదైపోయాయి. ఇల్లు కాలినవాడు గుమ్మం ఎక్కణ్ణించి తెస్తాడు? అప్పుడు తెలిసింది అందరికీ ఆ చిల్లు. ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఊరంతా నవ్వింది. పెదనాయుడు తల దించుకున్నాడు. పసిబిడ్డ గుక్కపట్టింది.

బోడెమ్మ నవ్వలేదు. శాలలోకి వెళ్లి, ఉన్న ఒక్క మోపూ నెత్తిన పెట్టుకొచ్చి పెదనాయుడి ముందు దించింది.

"ముందు ఆకు, తరవాత ఆరా. వానొచ్చి బొట్టు అడగదర్రా!"

గవిరయ్యకి సిగ్గేసింది. పరుగున పోయి బండి కట్టాడు. మిగతా రెండు ఊళ్లకీ కబురందింది. ఆకుబళ్లు బయల్దేరాయి. మోకాటిగుంట దగ్గర ఎద్దులు అలవాటుగా ఆగబోయాయి. అక్కడ గుంట లేదు. ఒక్క బండీ కూలబడలేదు. బళ్లకి ఎదురెళ్లిన పెదనాయుడు నోరు తెరిచాడు.

"ఈ గుంట ఎవుడు పూడ్సాడ్రా?"

"మనిసి కాని మనిసి, బాబూ," అన్నాడు గవిరయ్య.

నాయుడి పెద్దిల్లు కప్పాలంటే మూడు రోజులు. మబ్బు మూడు గడియలు కూడా ఆగేలా లేదు. పెదనాయుడే ఆకుమోపు నెత్తిన పెట్టుకుని బోడెమ్మ పాక కాలినచోటికి నడిచాడు. వెనకే ఊరంతా నడిచింది. ఒక్క గుంజ పాతి కప్పే ఒంటినిట్టాడి పాకకి ఎంతసేపు? చినుకు పడేవేళకి కప్పు పడింది.

బోడెమ్మ కోడలినీ బిడ్డనీ లోపల పడుకోబెట్టింది. పెదనాయుడు చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

"గడపకొక మనిసి అన్నావు గద, బాబూ," అంది బోడెమ్మ. "నా గడపకి ఆ మనిసివి నువ్వే. రా, లోపలికి."

ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

మర్నాడే మూడో కట్టుబాటు కొట్టేశారు. బోడెమ్మ ఇంకా చాలా ఏళ్లు ఉప్పమ్మి, హాయిగా బతికి, హాయిగా పోయింది.

ఇప్పటికీ ఆ దారిన సంత నుంచి ఖాళీ చేతులతో వచ్చేవాళ్లు అక్కడో గులకరాయి వేసి పోతారు. వేసి వేసి గుంట ఉన్నచోట మిట్ట లేచింది. బోడెమ్మ మిట్ట అంటారు. ఎవరి ఇల్లు కాలినా ముందుగా దించే ఆకుమోపు బోడెమ్మ మోపు. అది దించకుండా ఎవరైనా తప్పెవరిదని మొదలెడితే ముసలమ్మలు ఊరుకోరు.

"ముందు ఆకు, తరవాత ఆరా," అని కసురుతారు.