జడ కోలాటం చిక్కుపడిన రోజు

ఎవరు తగవు చెప్పుకున్నా కోలాటం గురువు గంగాచలం ఓపికగా వినేవాడు, తీర్పు మాత్రం చెప్పేవాడు కాదు. శిష్యుడు నూకరాజుకూ అదే అనుభవమైంది. నిరుడు అతని అన్న సత్తిరాజు నలుగురిలో అతణ్ణి తాగుబోతన్నాడు. నూకరాజు చుక్క ముట్టని మనిషి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు అన్న కూతురి పెళ్లి. పిలవడానికి వదిన వచ్చింది గాని అన్న రాలేదు.

“మాట తూలింది ఆయన. నేనెందుకు తగ్గాలి గురువుగారూ?” అని అడిగాడు నూకరాజు.

గంగాచలం కోలలు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు సుబ్రహ్మణ్య షష్ఠి. స్వామి పల్లకీ వచ్చే వీధిలో పందిరి దూలానికి రంగు తాళ్లు వేలాడగట్టారు. తలా ఒక తాడు పట్టుకుని, సగం మంది ఇటూ సగం మంది అటూ ఒకరినొకరు దాటుకుంటూ ఆడుతుంటే పైన తాళ్లు జడలా అల్లుకుంటాయి. అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతాయి. పల్లకీ వచ్చేలోగా జడ విప్పి దారివ్వాలి.

జడ సగం అల్లారో లేదో, జుట్టు నెరిసేదాకా అడుగు తప్పి ఎరగని గంగాచలం, నూకరాజును లోపలినుంచి దాటాల్సినవాడు బయటినుంచి దాటేశాడు. ఆట వేగంలో అందరూ మరో చుట్టు తిరిగేశారు. తాళ్లు పీటముడి పడి బిగుసుకున్నాయి. డోలు ఆగింది. అరుగుల మీది ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నూకరాజు గురువు ముఖంలోకి చూడలేకపోయాడు.

మలుపులో పల్లకీ నిలిచిపోయింది. నేను సరిగ్గానే వచ్చానంటే నేనూ సరిగ్గానే వచ్చానంటూ ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడే బిగుసుకు నిలబడ్డారు. నూకరాజూ ఆ మాటే అన్నాడు. ఎవరో కత్తి తెమ్మన్నారు. స్వామి ఎదుట జడ కోయడమా! ఆ మాట చెవిన పడగానే నూకరాజు తనకే తెలియకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. మరొకటి వేశాడు. వెనకున్నవాడికి చోటివ్వక తప్పలేదు, వాడూ కదిలాడు. చూస్తుండగా వలయమంతా వెనక్కి నడిచింది, గురువుతో సహా. ముడి వదులై జడ విడింది. పల్లకీ సాగిపోయింది.

నూకరాజు గురువు దగ్గరికి వెళ్లాడు. మీరు అడుగు తప్పడమేమిటని అడిగాడు.

గంగాచలం తాళ్లు చుట్టచుడుతూ తలెత్తకుండానే అన్నాడు: “తప్పింది నేను కదా. వెనక్కి నువ్వెందుకు నడిచావురా?”