గూడు చూపిన తీతువు

అనగనగా, మూడేళ్ళుగా మంచి వాన ఎరగని ఒక అడవి ఉండేది. ఆ అడవి మొత్తానికి మిగిలిన దిక్కు ఒక్క మడుగు.

మడుగు అందరిదీ. అందరిదీ కాబట్టే దాని బాగోగులు ఎవరికీ పట్టలేదు. అది గమనించి మృగరాజు ఒక కొలువు ఏర్పాటు చేశాడు. పొద్దునా సాయంత్రమూ అడవంతా తిరిగి, నీళ్ళు పొదుపుగా వాడమని చాటింపు వేయాలి. ఆ కొలువు తీతువు పిట్టకు దక్కింది. నీటి అంచునే బతికే పిట్ట, పైగా గొంతు పెద్దది.

తీతువు ఆ పనిని వ్రతంలా పట్టింది. రెండు నెలల్లో ఒక్క పూట మానలేదు. "దాహానికి తాగండి. బురదలో పొర్లకండి. ఊరికే చిమ్మకండి. రేపటికి ఉంచండి." రోజూ ఇవే మాటలు. గొంతు బొంగురుపోయింది. రెక్కలు లాగేవి. విన్నవాళ్ళు మాత్రం లేరు.

ముందు అడవిదున్న దగ్గరికి వెళ్ళింది. దున్న మెడ దాకా బురదలో కూరుకుని ఉంది.

"లే నాయనా, నీళ్ళు పాడవుతున్నాయి" అంది తీతువు.

"ఒంటికి బురద లేకపోతే జోరీగలు బతకనిస్తాయా పిన్నీ? తొండాలతో తోడి పోసుకునే ఏనుగులు నీకు కనబడవు, నేనే దొరికానా?" అంది దున్న. లేవలేదు.

తీతువు ఏనుగు ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ మనవళ్ళకు తొండంతో జల్లు కొట్టి నవ్విస్తోంది.

"పెద్దమ్మా, ఈ ఆట నీళ్ళతో కాకుండా దుమ్ముతో ఆడించకూడదా?"

"పసివాళ్ళమ్మా, ఎండకి మాడిపోతున్నారు. ఆ దున్నల్ని లేపు ముందు. అవి లేచిన రోజు మేమూ మానేస్తాం."

చివరికి నక్క ఎదురైంది. "అక్కా, నీకో దణ్ణం" అంది నక్క. "పొద్దున్నే నీ గొంతు వింటే ఆ రోజు నాకు తిండి పుట్టదు. తీతువు కూసిన చోట చావు తప్పదంటారు. నీ నీతులు ఇంకో వంకకు పోయి చెప్పుకో."

తీతువు తన గూటి వైపు ఎగిరిపోయింది.

మడుగు ఒడ్డున, చెట్టూ పుట్టా లేని బయలు నేలలో, దాని గుడ్లు నాలుగున్నాయి. మగపిట్ట వాటికి కాపలా. ఎండ మండితే తీతువు వెళ్ళి పొట్ట ఈకలు నీటిలో తడుపుకుని, వచ్చి గుడ్ల మీద కూర్చునేది. ఆ తడి లేకపోతే గుడ్లు ఉడికిపోతాయి. మడుగు ఎండితే అడవికి దాహం, తీతువుకు కడుపుకోత.

ఇంతలో మృగరాజుకు ఫిర్యాదులు వెళ్ళాయి. "ప్రభూ, ఆ అపశకునం గొంతు మాకొద్దు. చెవికి ఇంపైన వాళ్ళని పెట్టండి" అన్నాయి జంతువులు. రాజు తీతువును కొలువు నుంచి తీసేసి, నెమలిని పెట్టాడు.

నెమలి పురి విప్పి అడవంతా తిరిగింది. "మేఘాలు బయలుదేరాయి! వాన వచ్చేస్తోంది! ఎవరూ బెంగపడకండి!" అని కూసింది. ఎంత చక్కగా చెప్పిందో అని అందరూ మురిసిపోయారు. వాన వస్తుందన్నాక పొదుపు ఎందుకు? దున్నలు పగలంతా పొర్లాయి. ఏనుగులు రెండు పూటలా జలకాలాడాయి. రాజు కూడా పొద్దున్నే స్నానం మొదలుపెట్టాడు.

వాన రాలేదు.

కొలువు పోయినా తీతువు ఊరుకోలేకపోయింది. నిండు సభలోకి వెళ్ళి నిలబడింది.

"ప్రభూ, మడుగు తరిగిపోతోంది. ఇలాగే వాడితే పది రోజులకు మించి రాదు."

"రోజూ చూస్తూనే ఉన్నాం. మాకేమీ తేడా కనబడటం లేదే?" అన్నాడు రాజు.

"రోజూ చూసే కంటికి తేడా తెలియదు ప్రభూ. ఒడ్డున ఎండిన బురద చూడండి."

"ఎండిన బురద ఎప్పుడూ ఉండేదే. అది నిన్నటిదో, నిరుటిదో ఎవరు చెప్పగలరు?"

నక్క పకపకా నవ్వింది. "ప్రభూ, ఈ అక్క సంగతి నన్నడగండి. దీని గూడు తూర్పున ఉంటే పడమరకు పోయి గోల పెడుతుంది. రెక్క విరిగినట్టు కుంటుతుంది. దీని వెంట పడి మేము నక్కలం ఎన్నిసార్లు ఖాళీ నేల తవ్వుకున్నామో! పుట్టిన నాటి నుంచి అబద్ధం కూసే నోరు ఇవాళ నిజం చెబుతోందంటే ఎలా నమ్మడం?"

సభ గొల్లుమంది. తీతువు తల దించుకుంది. నక్క చెప్పింది నిజమే. బిడ్డల కోసం ఆడిన అబద్ధాలే అయినా, అబద్ధాలు అబద్ధాలే. వాటి వల్లే ఇవాళ నిజానికి విలువ లేకుండా పోయింది.

తీతువు గూటికి వెళ్ళి మగపిట్టతో చెప్పింది. "రాజును ఇక్కడికి తీసుకొస్తాను. గుడ్లు చూపిస్తాను."

"నీకు మతి పోయిందటే? రాజు వెంట నక్క రాదా?"

"వస్తుంది."

"మరి?"

"దాచుకుంటే ఈ నాలుగూ ఎండకే పోతాయి. చూపిస్తే ఏమైనా మిగలవచ్చు."

మగపిట్ట గుడ్లను ఒక్కొక్కటే ముక్కుతో సవరించింది. చివరికి పక్కకు జరిగి నిలబడింది.

మర్నాడు పొద్దున తీతువు ముందు నడిచింది. వెనక రాజు, దున్న, ఏనుగు ముసలమ్మ, వాళ్ళ వెనక నక్క. ఈసారి తీతువు కుంటలేదు. గోల పెట్టలేదు. తిన్నగా గూటికే నడిచింది.

"ప్రభూ, ఆగండి! పాదం పక్కనే ఉన్నాయి" అంది.

రాజు వంగి చూశాడు. గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళ రంగులోనే, నాలుగు గుడ్లు. ఇన్నేళ్ళలో అడవిలో ఎవరూ చూడనివి.

"మేము తీతువులం నీటికి దగ్గరగానే గుడ్లు పెడతాం. ఇవి పెట్టిననాడు నీటి అంచు ఇక్కడికి మీ అడుగుల్లో నాలుగు. పెట్టి ఇరవై రోజులైంది. గూడు కదలదు. కదిలేది నీరే. మీరే నడిచి లెక్కపెట్టండి."

రాజు నడిచాడు. అరవై ఒక్క అడుగులు పడ్డాక గాని పాదం తడవలేదు.

"మీ అడుగులు చిన్నవేమో ప్రభూ" అంటూ దున్న నడిచింది. యాభై ఎనిమిది.

ఏనుగు ముసలమ్మ నడిచింది. నలభై. అక్కడే ఆగి అవతలి గట్టు వైపు చూసింది. మిగిలిన నీరు అంతకంటే వెడల్పు లేదు. ముసలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేము చేసిన పనేనమ్మా ఇది" అంది.

దున్న ఈసారి ఏనుగుల ఊసెత్తలేదు.

రాజు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ రోజు నుంచి స్నానాలు లేవు, పొర్లడాలు లేవు, తాగడం వంతుల ప్రకారం. మొదట తన స్నానమే మానుకున్నాడు. ఈ గూటి జోలికి పోయినవాడికి అడవిలో చోటు లేదని గట్టిగా చెప్పాడు. నక్క నేల చూపులు చూసింది.

పది రోజులని తీతువు చెప్పిన నీరు ముప్పై రోజులు వచ్చింది. ముప్పై ఒకటో రోజు వాన పడింది. అప్పటికి మడుగులో మిగిలింది గిట్ట మునిగేంత నీరు. అయినా ఒక్క ప్రాణి దాహంతో చావలేదు.

గుడ్లలో మూడు పిల్లలయ్యాయి. నాలుగోది ఒక మధ్యాహ్నం మాయమైంది. ఎవరు తిన్నారో అందరికీ తెలుసు. రాజు ముందు ఒక్కరూ నోరు విప్పలేదు.

వానలో నెమలి ఆడింది. "నేను ముందే చెప్పలేదా!" అంది. జంతువులన్నీ నెమలి చుట్టూ చేరి మెచ్చుకున్నాయి. తీతువును ఎవరూ పిలవలేదు. అది ముగ్గురు పిల్లలను రెక్క కింద పెట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలికి బరువు మార్చుకుంటూ, వాన వెలిసే దాకా అలాగే నిలబడింది. వెలిశాక మడుగు చుట్టూ ఒకసారి తిరిగి నీటి అంచు ఎంతవరకు వచ్చిందో చూసుకుంది.

తెల్లవారగానే బొంగురు గొంతుతో మళ్ళీ మొదలుపెట్టింది. "దాహానికి తాగండి. రేపటికి ఉంచండి."

"నిండు మడుగు పక్కన కూడా ఇదే పాటా!" అని జంతువులు విసుక్కున్నాయి. విసుక్కుంటూనే నీళ్ళలోంచి లేచి గట్టెక్కాయి.

పిల్లలూ, పదిమంది తనను నమ్మాలని కోరేవాడు ముందు తాను దాచుకున్నది విప్పి చూపాలి. పని నెరవేరాక మెప్పు కోసం కూర్చోకూడదు.