పచ్చజొన్న దండ ఎవరి మెడకి?

మన్యం అడవిలో పనసకాయ పందేలంటే ఆషామాషీ కాదు. ఒక జట్టు పనసకాయ పట్టుకుని గీత దాటాలి, రెండో జట్టు దాటనివ్వకూడదు. మూతులు పగలడం మామూలే.

ఆ ఏడు గట్టుజట్టుకి అడ్డుగోడ దున్నపోతు కోటప్ప. వాగుజట్టు అడవిపందులు మందగా వచ్చి గుద్దినా గిట్ట కదిపేవాడు కాదు. ఆట అయిపోయాక గానీ ఆట మొదలైందని తెలిసేది కాదు పాపం!

"దున్నపోతు మీద వాన" అంటూ పుట్టినప్పటి నుంచీ వెక్కిరింతలు పడ్డ ప్రాణం. మేటి అడ్డుగోడకి వేసే పచ్చజొన్న దండ ఈసారి తన మెడలో పడితే ఆ మాట ఇక ఎవరూ అనరని కోటప్ప ఆశ. దండ లేతగా ఉందన్న సంగతి కూడా మనసులో లేకపోలేదు.

సన్మానం రోజున ఏనుగు పెద్దయ్య దండ ఎత్తాడో లేదో, అదే జట్టులోని నక్క గురవయ్య లేచాడు.

"పెద్దయ్యా, ధర్మసందేహం. వచ్చినవాణ్ణి ఆపేవాడు గొప్పా, అసలు రానివ్వనివాడు గొప్పా?"

"రానివ్వనివాడేరా."

"మరి ఏడాదంతా నావైపు ఒక్క పందైనా వచ్చిందా?"

"ముళ్ళపొద వెనకాల పడుకున్నావు కదా మావా!" అంది కుందేలు రత్తమ్మ.

"చూశారా? పడుకునే ఆపాను. లేచి ఉంటే వాళ్ళ గతేమయ్యేదో!"

నిజమే సుమా అని అడవంతా తలలూపింది. దండ గురవయ్య మెడలో పడింది. కోటప్పకి గుండె కలుక్కుమంది. అయినా మంచివాడు కదా, "రా గురవయ్యా, గీత దగ్గర నిలబెడతాను," అన్నాడు.

"గీతెందుకు?"

"ఆనవాయితీ! దండ పడ్డవాడి గౌరవార్థం ఓడిన జట్టంతా ఒక్కసారి పనసకాయతో మీదికొస్తుంది. నువ్వు ఆపాలి."

ఏటా సన్మానం వేళకి విందు విస్తళ్ళ దగ్గర కాపు కాసే గురవయ్యకి ఈ ముక్క ఎలా తెలుస్తుంది?

"నాకు నడుం పట్టేసింది, నిలబడలేను..."

"పడుకునే ఆపు మావా!" అంది రత్తమ్మ.

పందులు దుమ్ము లేపాయి. గురవయ్య దండ అక్కడే పారేసి గీత దాటి, వాగు దాటి, కొండ దాటి పోయాడు. పందులు వెనకాల ఉన్న కోటప్పని గుద్దుకుని కుప్పగా పడ్డాయి.

"ఎవరో పిలిచినట్టుంది?" అన్నాడు కోటప్ప.

పెద్దయ్య సిగ్గుపడి, దండ తీసి అతని మెడలో వేశాడు. "ఇకమీదట దున్నపోతు మీద వాన అంటే పొగడ్తేరా!" అన్నాడు. అడవంతా జేజేలు కొట్టింది. తీరా చూస్తే మెడలో దండ లేదు. కోటప్ప నెమరేస్తున్నాడు.

మాటలు కోటలు దాటేవాడికి, అవసరమొస్తే కాళ్ళూ గీత దాటతాయి.