పన్నెండు తలుపుల సోమలింగం

రేగులపాలెంలో తలుపులు చేసే సోమలింగానికి ఇద్దరు తమ్ముళ్ళు, గవరయ్య, బంగారయ్య. ముగ్గురికీ కలిపి ఒక తల్లి, అక్కమ్మ. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే చద్దన్నం తింటూ తమ తెలివిని మెచ్చుకునేవాళ్ళు.

"మనకి ఒక్కసారి చెబితే చాలు, రెండోసారి చెప్పక్కర్లేదు" అనేవాడు సోమలింగం.

"చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నార్రా?" అనేది అక్కమ్మ.

అది మాత్రం నిజం. ఎవరూ లేరు.

ఆ ఊళ్ళో రత్నమ్మగారు కొత్తగా కల్యాణమండపం కట్టించింది. పన్నెండు గదులు. వచ్చే గురువారం అందులో మొదటి పెళ్ళి, అదీ ఆవిడ మేనకోడలిదే. తలుపుల పని సోమలింగానికి అప్పజెప్పి, "చూడు నాయనా, ఫైబర్ బోర్డుతో చెయ్యి. వేస్టు లేకుండా చూసుకో. గురువారానికి తలుపుల్లేకపోతే పెళ్ళికూతురు చీరెక్కడ కట్టుకుంటుంది?" అంది.

సోమలింగం గుండె పొంగిపోయింది. ఇంత పెద్ద పని వాళ్ళ వంశంలో ఎవరికీ రాలేదు. తమ్ముళ్ళని వెంటబెట్టుకుని మస్తాన్ షీట్ల కొట్టుకి వెళ్ళాడు.

"తలుపు ఎంత ఉండాలి?" అన్నాడు మస్తాన్.

"మా గవరయ్య తల వంచకుండా దూరాలి."

"అలా కాదయ్యా. వెళ్ళి గుమ్మం కొలత పట్టుకురా."

ఇంకేముంది! ముగ్గురూ పరుగున మండపానికి వెళ్ళి, ఇంకా సిమెంటు ఆరని గోడలోంచి గుమ్మాన్నే ఊడబీకి, భుజాలమీద పెట్టుకుని బజారంతా ఊరేగించి కొట్లో దించారు.

"ఇదిగోండి, పట్టుకొచ్చాం. పొడుగూ ఇందులోనే ఉంది, వెడల్పూ ఇందులోనే ఉంది" అన్నాడు సోమలింగం చెమట తుడుచుకుంటూ.

మస్తాన్ తల పట్టుకుని, టేపు తీసి కొలిచాడు. "ఏడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నా దగ్గర రెండు సైజులున్నాయి. ఎనిమిది నాలుగు షీటు కొంటే ఒక్కో తలుపుకి ఒక్కో షీటు. పైన అడుగు, పక్కన అడుగు దండగ. ఏడు ఆరు షీటు కొంటే మధ్యకి కోసుకో, ఒకదాంట్లో రెండు తలుపులు."

బంగారయ్య వేళ్ళమీద లెక్కపెట్టాడు. "అన్నయ్యా, మోసం! ఎనిమిదీ నాలుగూ పన్నెండు. ఏడూ ఆరూ పదమూడు. మనకి కావలసినవి పన్నెండు తలుపులు. పదమూడోది ఏ గోడకి పెడతాం?"

"అవును సుమా!" అన్నాడు గవరయ్య.

సోమలింగం కాసేపు ఆలోచించాడు. "ఒరేయ్, ఆ పదమూడోది మన ఇంటికి పెట్టుకుందాం. ఏడు ఆరే ఇవ్వండి మస్తాన్‌గారూ."

అలా, కారణం తప్పైనా, సరైన షీటే కొన్నారు. మొత్తం ఆరు షీట్లు. మస్తాన్ హమ్మయ్య అనుకుని మూడు జాగ్రత్తలు చెప్పాడు. "ఎండ తగలకుండా నీడలో ఉంచండి. కోసేటప్పుడు నిలువుగా కోయండి. రంపానికి కాస్త వదిలి కోయండి. అందుకని షీటు రవ్వంత ఎక్కువే ఉంది."

కొట్టు బయట ఒక లారీ ఆగి ఉంది. దాని నీడ చల్లగా, వెడల్పుగా కనిపించింది. షీట్లన్నీ ఆ నీడలో చేరేసి, గుమ్మం మళ్ళీ గోడలో పెట్టొచ్చి, పక్కనే కూర్చున్నారు. ఇంతలో లారీ బర్రుమంది.

"అన్నయ్యా, నీడ వెళ్ళిపోతోంది!" అని అరిచాడు బంగారయ్య.

అంతే. తలా రెండు షీట్లు నెత్తిన పెట్టుకుని లారీ వెనక పడ్డారు. "ఆపవయ్యా, మా నీడ!" అని గవరయ్య కేకలు. ఊరి బయట టీకొట్టు దగ్గర లారీ ఆగేసరికి ముగ్గురికీ నాలుకలు బయటికొచ్చాయి. డ్రైవరు జాలిపడి, వాళ్ళనీ షీట్లనీ ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. "మంచి నీడండీ, ఇంటిదాకా వచ్చింది" అని సోమలింగం దండం పెట్టాడు.

మర్నాడు కోత. రంపం తీసిన గవరయ్య చేతిమీద సోమలింగం ఒక్కటిచ్చాడు.

"రంపానికి వదిలి కోయమన్నాడు కదరా! దాన్ని వదిలెయ్."

"మరి దేంతో కోస్తాం?"

అక్కమ్మ వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి నడివాకిట్లో వేసుకుని కూర్చుంది. "ఎంత పెద్ద గుమ్మడికాయలు కోశాన్రా, ఇదెంత! తోయండి."

"కూర్చుంటావేమిటమ్మా? నిలువుగా కోయమన్నాడు, నిలబడు!" అన్నాడు సోమలింగం. పాపం, అక్కమ్మ లేచి నిలబడింది. కత్తిపీట బల్లమీదికెక్కింది. కొడుకులు షీటు ఎత్తి తోస్తుంటే తల్లి నిలబడి కోసింది. మధ్యాహ్నానికి రెండంగుళాలు తెగింది.

"ఇది ముదిరిపోయిందిరా, లేతది తేవలసింది" అంది అక్కమ్మ చేతులు విదిలించుకుంటూ.

సాయంత్రం అటుగా వచ్చిన మస్తాన్ ఆ దృశ్యం చూసి సైకిలు మీంచి పడబోయాడు. "రంపం ఒరుసుకునే మందానికి కాస్త వదలమన్నానయ్యా!" అని చొక్కా చేతులు మడిచి, షీటు పడుకోబెట్టి, పొడుగునా గీత గీసి తనే రంపం పట్టాడు. తెగిన ఆ రెండంగుళాలూ అదృష్టవశాత్తూ ఆ గీతమీదే ఉన్నాయి. చీకటి పడేలోగా పన్నెండు తలుపులు తయారు. వేస్టు పిడికెడు పొట్టు.

"చూశారా, పెద్దమనుషులచేత కూడా పని చేయించగలం" అన్నాడు సోమలింగం తమ్ముళ్ళతో.

బుధవారంనాటికి తలుపులన్నీ గుమ్మాలకెక్కాయి. నున్నగా, సూటిగా, ఎక్కడా సందు లేకుండా. రత్నమ్మగారు వేలితో తట్టి చూసి మురిసిపోయింది. "ఎంత బాగా కుదిరాయయ్యా! ఇక అన్నిటికీ లోపల గడియ వేసేసి వెళ్ళండి."

గడియలు బిగించమని ఆవిడ భావం. సోమలింగం బిగించాడు. బిగించాక వేశాడు కూడా. కిటికీలకి ఊచలు ఇంకా రాలేదు కనక, ఒక్కో గదిలో లోపల గడియ పెట్టుకుని కిటికీలోంచి దూకి, ఇంకో గదికి. ఇలా పన్నెండు. మోకాళ్ళు దోక్కుపోయినా, చెప్పిన పని పూర్తయిందన్న తృప్తితో ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

గురువారం పొద్దున్నే మేళాలు మోగాయి. పెళ్ళికూతురు చీర చేత పట్టుకుని గది ముందు నిలబడింది. ఏ తలుపూ కదలదు. రత్నమ్మగారు కంగారుగా సోమలింగాన్ని పిలిపించింది.

"ఇదేమిటయ్యా! ముహూర్తం దగ్గరపడుతోంది. తలుపులన్నీ తీయండి, త్వరగా!"

"ఎంతసేపండీ!" అన్నాడు సోమలింగం.

ముగ్గురూ కిటికీల్లోంచి లోపలికి దూకారు. మొదటి తలుపు కిర్రుమంది. "హమ్మయ్య" అని రత్నమ్మగారు పెళ్ళివారికి ఫలహారాలు చూడ్డానికి పందిట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పన్నెండు గదులూ బారుగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పన్నెండు తలుపులూ, మేకు దగ్గర్నించి బందు దాకా ఊడదీసి, వరండాలో ఒకదానిమీద ఒకటి ముచ్చటగా పేర్చి ఉన్నాయి. పెళ్ళికూతురు చీర పట్టుకుని అలాగే నిలబడి ఉంది.



సోమలింగం స్క్రూడ్రైవరు చెవిమీద పెట్టుకుని, ముఖమంతా నవ్వు చేసుకుని దగ్గరికొచ్చాడు.

"తీసేశామండీ అమ్మగారూ, ఒక్కటి కూడా వదల్లేదు. లోపల మరీ ఉక్కగా ఉంది. కిటికీలు కూడా తీసేయమంటారా?"