చంద్రికి తోడు ముద్ద

అనగనగా ఒక ఊళ్ళో, రైలు స్టేషను బయట నిలబడే జట్కాల్లో వీరాస్వామి జట్కా ఒకటి. దాన్ని లాగే ఆడగుర్రం పేరు చంద్రి. వీరాస్వామి పెళ్ళాం పేరు నాంచారి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది బుజ్జీ. ముందు మగాళ్ళు తినాలి. ఆ తర్వాత అత్తగారు. ఆ తర్వాత గుర్రం. అప్పుడు గిన్నె అడుగున ఏమైనా మిగిలితే నాంచారి. ఆ పద్ధతి ఎవరు పెట్టారంటే ఎవరూ చెప్పలేరు. ముందు తినేవాళ్ళే పెట్టి ఉంటారులే.

చంద్రికి పొద్దంతా మేత ఉండేది కాదు. పొట్ట నింపితే బద్ధకిస్తుందని వీరాస్వామి నమ్మకం. సాయంత్రం బండి విప్పాక తొట్టి నిండా ఉలవలు పోయించేవాడు. పొద్దుటినుంచీ మాడిన కడుపు కదా, చంద్రి సరిగా నమలకుండానే మింగేసేది.

ఒకరోజు దానికి కడుపు నొప్పి వచ్చింది. కాలితో నేల తవ్వింది. మాటిమాటికీ తన డొక్క వైపు చూసుకుంది. దిష్టి తగిలిందన్నాడు వీరాస్వామి. మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. ఎలాగో తగ్గింది.

ఆ తర్వాత మళ్ళీ వచ్చింది. ఉలవలు పుచ్చులన్నాడు. కొట్టు మార్చాడు. అప్పటికి తగ్గింది.

ఆ తర్వాత ఒక పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చింది. పాపం కష్టపడిందని ఆ రోజు రెండింతలు పోయించాడు. కాసేపటికే చంద్రి కిందపడి దొర్లింది. ఒళ్ళంతా చెమట. పొట్ట డోలులా బిగిసింది. ఈసారి తిట్టడానికి బయటివాళ్ళెవరూ దొరకలేదు.

"తొట్టిలో పోసేది నువ్వేగా. నీ చెయ్యి మంచిది కాదు," అన్నాడు నాంచారితో. అత్తగారు తలూపింది. చంద్రి పోతే బండి లేదు, బండి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అది అందరికీ తెలుసు.

నాంచారి వంగి చంద్రి డొక్కకి చెవి ఆనించింది. రోజూ గుడగుడలాడే పొట్ట ఆ రోజు చప్పుడు చెయ్యలేదు. ఆ నొప్పి నాంచారికి కొత్తది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో పొద్దంతా పస్తుండి, చివర్లో మిగిలిందంతా ఒక్కసారే మింగితే తనకీ కడుపులో అలాగే మెలిపెట్టేది. తనకెవరూ దిష్టి తియ్యలేదు. తన కోసం కొట్టు మార్చలేదు. పని ఎగ్గొట్టే వేషాలన్నారు.

అప్పుడు వీరాస్వామి వెదురుగొట్టంలో వాము కషాయం పట్టుకొచ్చాడు.

"వద్దు. మనకైతే డోకొస్తుంది. గుర్రం మింగిందాన్ని కక్కుకోలేదు. లోపలున్నదే కదలకపోతే ఇంకా పోసి ఏం చేస్తావు?" అంది నాంచారి.

ఆ ఇంట్లో కోడలు అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. వీరాస్వామి గొట్టం పక్కన పెట్టేశాడు.

నాంచారి తొట్టి ఖాళీ చేసింది. ఆ తర్వాత పగ్గం పట్టి చంద్రిని లేపింది. వీధి చివరిదాకా మెల్లగా నడిపించింది, మళ్ళీ వెనక్కి. పడుకోబోతే మెడ నిమిరి, ఇంకొంచెం నడువమ్మా అంది. అలిసిపోతే నిలబడనిచ్చింది. పొద్దు గుంకే వేళకి పొట్టలో గుడగుడ మొదలైంది. అప్పుడు చంద్రి లద్దె వేసింది. ఆ లద్దె చూసి నాంచారి ఏడ్చింది. నవ్వకు బుజ్జీ. గుర్రం బతికిందని చెప్పింది ఆ లద్దేగా.

"నా చెయ్యి మంచిది కాదన్నావుగా. రేపటినుంచి నువ్వే పెట్టు. లేదంటే నన్ను నా పద్ధతిలో పెట్టనియ్యి," అంది మొగుడితో.

వీరాస్వామికి తొట్టి కడగడం కూడా రాదు. ఒప్పుకున్నాడు.

మొదట గుప్పెడు గుప్పెడుగా మెత్తటి పచ్చగడ్డి పెట్టింది. కోలుకున్నాక బండికి గడ్డి సంచి కట్టింది. స్టేషను దగ్గర నిలబడ్డంతసేపూ చంద్రి నములుతూనే ఉండేది. ముందు నీళ్ళు, ఆ తర్వాత నానబెట్టిన ఉలవలు, అవీ కొంచెం కొంచెంగా పూటపూటకీ. తినగానే బండి కట్టనిచ్చేది కాదు. పొట్టలో తిండి ఉన్నా చంద్రి బాగానే పరిగెత్తింది.

ఒక పొద్దున అత్తగారు గుర్రపుసాలలోకి వచ్చింది. చంద్రి పక్కన కూర్చుని నాంచారి చద్దన్నం తింటోంది.

"మగాళ్ళింకా తినందే నువ్వు తింటున్నావేమే?"

"చంద్రి ఒక్కతే తినట్లేదత్తా. తోడు కావాలంట."

అత్తగారు చంద్రిని చూసింది. అది తొట్టిలోంచి తలెత్తకుండా కరకరా నములుతోంది. ఆవిడా ఒకప్పటి కోడలేగా.

ఆ తర్వాత కొంగు దోపుకుని గడ్డి మీద కూర్చుంది.

"ఆ ఆవకాయ ఇటు జరుపు," అంది.

కథ వెళ్ళింది కంచికి,
గడ్డి వెళ్ళింది గుర్రానికి,
ముద్ద ముందే వెళ్ళింది అత్తాకోడళ్ళకి,
నిద్ర వచ్చింది మా బుజ్జికి,
ఇక మనం దుప్పట్లోకి.