ఎడమ పక్క మేక

సుధేష్ణకు రేపు పరీక్ష. పుస్తకాల పరీక్షలైతే ఆమెకు భయం లేదు. విశాఖపట్నంలో ఆస్పత్రి నిర్వహణ చదువు మంచి మార్కులతోనే గట్టెక్కింది. రేపటిది అలాంటిది కాదు.

కొండల అంచున విశోకానంద స్వామి నడిపే కంటి ఆస్పత్రికి కొత్త నిర్వాహకులు కావాలి. రేపు ట్రస్టు అధ్యక్షుడు జగ్గప్పరాజు గారు వస్తాడు. ఎవరినైనా ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: నీ బలం ఏమిటి? జవాబు నచ్చితే ఆస్పత్రి తాళాల గుత్తి చేతికొస్తుంది. నచ్చకపోతే పట్నం నుంచి ఎవరినో తెచ్చుకుంటారు, స్వామి దగ్గర పని నేర్చుకుంటున్న సుధేష్ణ పెట్టె సర్దుకోవాలి.

ఆ ఆస్పత్రంటే ఆమెకు ప్రాణం. చిక్కల్లా, తన బలం ఏమిటో ఆమెకే తెలియదు.

మిగతావాళ్ళ బలాలు పట్టపగలంత స్పష్టంగా ఉన్నాయి. సిస్టర్ కరుణ సూది గుచ్చితే గుచ్చినట్టే తెలియదు. పదవి దిగిపోతున్న పట్టాభిగారి గొంతు సంగతి చెప్పనక్కర్లేదు, ఆయన ఒక్కసారి దగ్గితే హాలంతా సద్దుమణిగిపోతుంది. నిర్వాహకులకు ఉండాల్సింది అదేననుకుని సుధేష్ణ గదిలో తలుపేసుకుని ఆ గొంతు సాధన చేసింది. మర్నాడు హాల్లో ప్రయోగిస్తే ఓ ముసలమ్మ జాలిపడి, మిరియాల పాలు తాగమ్మా, తగ్గిపోతుంది అని సలహా చెప్పింది.

స్నేహితులకు ఫోన్ చేసింది. నాయకత్వం, సమయపాలన, ఒత్తిడిని తట్టుకునే శక్తి అని రాసుకోమన్నారు. బుద్ధిగా రాసుకుంది. చదువుకుంటే ఆ మాటలు పెళ్ళికి అద్దెకు తెచ్చిన నగల్లా ఉన్నాయి. మెరుస్తున్నాయి గానీ తనవి కావు.

ఇక లాభం లేదని స్వామి దగ్గరికి వెళ్ళింది.

స్వామి కట్లు కట్టే గదిలో కూర్చుని దూది మడతలు పెడుతున్నాడు. ఒకప్పుడు ఆపరేషన్లన్నీ ఆయనే చేసేవాడు. చేతులు వణకడం మొదలైన రోజున కత్తి పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే వచ్చి ఈ పనిలో కూర్చున్నాడు. ఆ రోజు శిబిరం ఆపరేషన్ల రోజు కాబట్టి దూది గుట్టలుగా ఉంది.

"స్వామీ, నాలో ఏం బలముంది? మీరు చూసే ఉంటారు. చెప్పండి," అంది సుధేష్ణ.

స్వామి ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు దూది మడతలు తీసుకుని ఆమె రెండు కళ్ళ మీద ఆనించి, ప్లాస్టర్ అంటించి, పైన గుడ్డ చుట్టాడు. చేతులు వణికినా కట్టు మాత్రం బిగువుగా పడింది.

"అడిగినదానికి జవాబు దొరికాక విప్పుకో," అన్నాడు.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి హాల్లో పేషెంట్ల బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు.

సుధేష్ణకు ఏడుపొక్కటే తక్కువ. రేపు రాజుగారు వస్తుంటే ఇవాళ ఈ దాగుడుమూతలేమిటి? పైగా శిబిరం రోజు. ఊళ్ళనుంచి బస్సుల్లో తెచ్చిన పెద్దవాళ్ళంతా ఆకుపచ్చ గౌన్లు, టోపీలు తొడుక్కుని, మందు చుక్కలు పడిన మసక కళ్ళతో కూర్చుని ఉంటారు. ఏ కంటికి ఆపరేషనో తెలియడానికి ఆ కనుబొమ మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిస్తారు. పిలుపు రాగానే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, రైలు పెట్టెల్లా వరసగా థియేటర్ తలుపు దాకా నడుస్తారు. ఆ రైలును నడిపేది రోజూ తనే. ఇవాళ తనే ఒక పెట్టె అయి కూర్చుంది.

పక్కన ఎవరో ఆడమనిషి ఆయాసంగా ఊపిరి తీస్తోంది. కాసేపు విని సుధేష్ణ ఉండబట్టలేక, పైడమ్మా, మనవరాలు ఇవాళైనా బడికెళ్ళిందా అని అడిగింది. పైడమ్మ ఉలిక్కిపడింది. కళ్ళకి గంతలు కట్టుకుని నన్నెలా పోల్చావమ్మా అని ఆశ్చర్యపోయింది. నీ కడియాల చప్పుడు విన్నాను కదా అంది సుధేష్ణ. మనవరాలి గొడవలో పడి పైడమ్మ ఆయాసం మరిచిపోయింది. సుధేష్ణ మాత్రం తన దిగుల్లో తను మునిగిపోయింది.

ఇంతలో థియేటర్ తలుపు దగ్గర రైలు ఆగిపోయింది.

వరసలో ముందున్న ముసలాయనకు ప్లాస్టర్ కుడి కనుబొమ మీద ఉంది. డాక్టరు రాసిందేమో ఎడమ కన్ను. పొద్దున నా చేత్తో ఎడమకే అంటించానే అంటోంది సిస్టర్ కరుణ. ముసలాయన కుడే అంటాడు. నా కన్ను నాకు తెల్దా అని ఎదురు ప్రశ్న. పట్టాభిగారు వచ్చి దగ్గాడు. హాలంతా నిశ్శబ్దమైంది గానీ ముసలాయన నోరు మాత్రం ఆగలేదు. నువ్వు దగ్గితే కుడికన్ను ఎడంకన్నైపోద్దేటి అన్నాడు.

లోపల్నుంచి డాక్టరు వచ్చాడు. ఎడమ కంటి పొర బాగా ముదిరిందనీ, ఇవాళ తియ్యకపోతే వానలు వెళ్ళాక వచ్చే శిబిరం నాటికి ఆ కన్ను దక్కదనీ నచ్చజెప్పబోయాడు. ముసలాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"మనిషి ఒప్పుకోందే నేను కత్తి పట్టను. గౌను విప్పించి ఇంటికి పంపెయ్యండి," అన్నాడు డాక్టరు. ఆయన మాట న్యాయమే.

సుధేష్ణ బెంచీ మీంచి లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఎదురుగా చెయ్యి చాపితే ఎవరిదో భుజం తగిలింది. ఆ భుజం నుంచి ఇంకో భుజానికి, అలా వరస వెంట తడుముకుంటూ తలుపు దాకా వచ్చింది. కళ్ళకు కట్టుతో సుధేష్ణ నడిచొస్తుంటే నవ్వాలో జడుసుకోవాలో తెలియక జనం దారిచ్చారు.

"అప్పలసూరి తాతా," అంది గొంతు గుర్తుపట్టి.

ముసలాయన ఇటు తిరిగాడు. "ఏటమ్మా? నీక్కూడా ఆపరేసను చేసీసినారేటి?"

"నా సంగతి తర్వాత. మీ ఊళ్ళో కళ్ళు చూసిన రోజు నాతో ఏం చెప్పావు? ఎడమ పక్కకెళ్ళిన మేక మళ్ళీ అగుపడదన్నావు. అవునా?"

ముసలాయన చెయ్యి కనుబొమ మీది ప్లాస్టర్ మీదికి వెళ్ళింది.

"మగవాళ్ళకు ఎడమ కన్ను అదిరితేనే కీడంటారు, అలాంటిది ముందు దానికే కత్తి పెడితే ఇంటికేం మూడుతుందో అని నీ భయం. అందుకని ప్లాస్టర్ పీకి కుడికి అంటించుకున్నావు."

ముసలాయన గొంతు దిగింది. "మరి తప్పేటమ్మా? ఇంట్లో కోడలు నీళ్ళోసుకుంది. శుభమా అని కుడి కన్నుతో మొదలెడితే మంచిది కదా."

డాక్టరు ఏదో అనబోయాడు. సుధేష్ణ చెయ్యెత్తి ఆపింది. ఆమె అలా డాక్టరును ఆపడం అదే మొదటిసారి.

"కోడలికి శుభమే జరగాలి తాతా. అయితే ఒకటి చెప్పు. పండగొస్తే మీ ఇంట్లో ముందు ఏ మూల ఊడుస్తారు? శుభ్రంగా ఉన్న మూలా, చెత్త పడిన మూలా?"

ముసలాయన ఆలోచించాడు. వెనక వరసంతా కూడా ఆలోచించింది. ఎవరో ముసలమ్మ కిసుక్కున నవ్వింది.

"చెత్తున్న మూలే," అన్నాడు అప్పలసూరి చివరికి. తనే కనుబొమ మీది ప్లాస్టర్ పీకి, "ఇదిగో సిస్టరమ్మా, ఎక్కడ పెడతావో పెట్టుకో" అని మొహం ముందుకు పెట్టాడు.

రైలు కదిలింది. సుధేష్ణ మళ్ళీ భుజాలు తడుముకుంటూ బెంచీ దగ్గరికి వచ్చి, పైడమ్మ పక్కన కూలబడి, ఎక్కడ వదిలేసిందో అక్కడినుంచి దిగులు పడసాగింది.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక స్వామి వచ్చాడు.

"ఇంకా విప్పుకోలేదే?"

"జవాబు దొరకలేదు స్వామీ. ఊరికే కూర్చున్నాను."

"ఊరికేనా?"

"మధ్యలో తాతగారొకాయన పేచీ పెడితే సర్దిచెప్పాను. అది కూడా ఓ పనేనా స్వామీ, ఎవరైనా చేస్తారు."

స్వామి అటుగా వెళ్తున్న సిస్టర్ కరుణను పిలిచాడు. "అమ్మా, ఇందాకటి ముసలాయనకు మేకలున్నాయని నీకు తెలుసా?"

తెలియదంది కరుణ.

"పట్టాభీ, నీకు?"

మందలకొద్దీ వస్తారు స్వామీ, ఎవరికేమున్నాయో మనకెలా తెలుస్తుంది అన్నాడు పట్టాభి.

చేతులు తుడుచుకుంటూ డాక్టరు బయటికొచ్చాడు. ఆయన్నీ అడిగాడు స్వామి. మేకలేమిటి స్వామీ అని ఆయన తెల్లబోయాడు.

"సరే, భోజనాలకు వెళ్ళండి," అన్నాడు స్వామి. తనూ కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

హాలు ఖాళీ అయింది. ఆ మేకల సంగతి తనకొక్కదానికే తెలుసని సుధేష్ణకు అప్పుడు తట్టింది. దాహమేస్తే నీళ్ళు తాగినట్టు తను రోజూ చేసే పని అది. దాన్ని పనుల్లో లెక్కేసుకోవాలని ఆమెకు ఏనాడూ తోచలేదు. గుండెల్లోంచి ఏదో బరువు దిగి, దాని చోట పట్టరాని సంతోషం వచ్చి కూర్చుంది. నెమ్మదిగా చెయ్యెత్తి కట్టు విప్పుకుంది. కిటికీలోంచి వెలుగు పడి కళ్ళు చెమర్చాయి, కొంత వెలుగు వల్ల, కొంత కాదు.

మర్నాడు పొద్దున్నే జగ్గప్పరాజు గారు వచ్చాడు. ఆపరేషన్ అయినవాళ్ళందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి సిస్టర్ కరుణ ఒక్కొక్కరి కట్టు విప్పుతోంది. రాజుగారు ఆ పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. మాటలు తక్కువ మనిషి, కాఫీ కూడా ముట్టకుండా ప్రశ్న వేశాడు.

సుధేష్ణ చేతిలో స్నేహితులు రాయించిన కాగితం ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"వచ్చినవాళ్ళు చెప్పేది వింటానండీ. విన్నది మరిచిపోను," అంది. గొంతు పెంచలేదు.

రాజుగారు ఇంకా వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"అంతేనా?" అన్నాడు.

సుధేష్ణ జవాబు చెప్పేలోపల వరండా చివరినుంచి పెద్ద కేక వినిపించింది. అప్పలసూరి కట్టు అప్పుడే విప్పారు. ఎడమ చెయ్యి గేటు వైపు చాపి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, అమ్మా! అటు సూడు, ఎడం పక్క! గేటు కాడ మేక దూరిపోనాది. పూలమొక్కలన్నీ మేసేస్తంది!"

అందరూ అటు తిరిగారు. గేటు సందులోంచి దూరిన నల్ల మేక ఒకటి తీరుబడిగా బంతిమొక్కలు నములుతోంది. వరండా అంతా ఒక్కసారి ఘొల్లుమంది. పైడమ్మ చప్పట్లు కొట్టింది. అప్పలసూరి నవ్వుతూ ఏడుస్తూ, ఎడం పక్కదేనమ్మా, ఎడం పక్కదే అని కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడు.

రాజుగారు మేకను చూశాడు, ముసలాయన్ను చూశాడు, సుధేష్ణను చూశాడు. తర్వాత స్వామి వైపు తిరిగి తలూపాడు.

స్వామి మొలలోంచి తాళాల గుత్తి తీసి సుధేష్ణ చేతిలో పెట్టాడు.

"అంతే రాజుగారూ," అన్నాడు. ఆమెతో, "వెళ్ళి ముందు ఆ మేకను తోలమ్మా" అన్నాడు.