బొమ్మల కొట్టం మట్టి

ముందే చెబుతున్నాను సుగుణా, వరుస తప్పుతానేమో. వాన ముందా, వార్నిష్ ముందా అని ఇవాళ పొద్దున కూడా తడుముకున్నాను. వార్నిషే ముందు. వాన ఆ తర్వాతే.

పెంటయ్య సారుకు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాం" అని చేతిలో పనిలో పడిపోయేవారు. మా అడవి అంచు బడిలో గోండు పిల్లలు, లంబాడీ పిల్లలు, మరాఠీ, ఉర్దూ మాట్లాడే పిల్లలు కలిసి చదువుకునేవారు. బడి ఆవరణలో బొమ్మలు వేసుకోవడానికి అందరిచేతా ఒక కొట్టం కట్టించింది ఆయనే. ఒకరు వెదురు తెచ్చారు, ఒకరు సున్నం తెచ్చారు, నేను వరిగడ్డి తరిగి ఇచ్చాను. నాలుగు మట్టి గోడలు, ఒక్కోదాని మీద ఒక్కో వాడ వాళ్ల బొమ్మలు. ఏటా వానలు వెనకబట్టాక గోడలన్నీ మట్టితో మెత్తి, మళ్లీ కొత్తగా గీసేవాళ్లం.

ఆ ఏడు గోండు గోడ మీద భీంబాయి అవ్వ గుర్రం వేసింది. ఆ వాడలో అందరికంటే పెద్దది ఆమే. వేయడం అయ్యాక వేళ్లు కడుక్కుంటూ, "ఇదే ఆఖరిది బిడ్డా. ఇగ ఈ చెయ్యి నా మాట ఇంటలేదు" అంది.

ఆ మాట విరజకు గుచ్చుకుంది. సారు దగ్గరే బొమ్మలు గీయడం నేర్చుకుని, ఆ బడికే కొత్తగా టీచరుగా వచ్చిన పిల్ల. "చెరిపేస్తామని తెలిసీ ఎందుకు గీయాలి సారూ? ఈ ఒక్కటైనా దాచుకోవద్దా?" అని అడిగింది.

"చూద్దాం" అన్నారు సారు.

విరజ ఆగలేదు. వార్నిష్ తెచ్చి ఆ గోడకు పైనుంచి కిందిదాకా పూసింది. గుర్రం నిగనిగలాడింది. అవ్వ చూసి, "నా గుర్రానికి నూనె రాసి తల దువ్వినవా ఏంది?" అని నవ్వింది.

వానలు పట్టాయి. నాలుగు గోడలూ నేలలోంచి నీళ్లు పీల్చాయి. మూడు గోడలు ఎండ పొడ తగిలినప్పుడల్లా ఆరాయి. వార్నిష్ గోడలో తడి బయటికి రాలేకపోయింది. ఆ గోడ మట్టి లోపలే ఉబ్బి, వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది.

"గోడకు రెయిన్‌కోటు తొడిగితివి టీచరమ్మా, లోపల చెమట పట్టదా?" అంది లంబాడీ తండా ఝమ్లీబాయి. ఎవరూ నవ్వలేదు. అవ్వ ఆ కుప్ప పక్కన చతికిలబడి చాలాసేపు వెతికింది.

"చెవి దొరికింది" అంది చివరికి.

విరజ ఏడుస్తూ, "ఇటివ్వు అవ్వా, అద్దాల పెట్టెలో పెట్టిస్తాను" అని చెయ్యి చాచింది. అవ్వ ఇవ్వబోయి సారు వైపు చూసింది. "నీ గుర్రం, నీ ఇష్టం" అన్నారాయన.

మా దగ్గర గోడ మెత్తేటప్పుడు, రాలిన పాత మట్టిని నానబెట్టి కొత్తదాంట్లో కలుపుతారు. లేకపోతే పట్టు ఉండదు. అవ్వ అరచేతిలో చెవిని కాసేపు చూసుకుంది. తర్వాత లేచి వెళ్లి మట్టి గుంటలో వేసింది. "నాననియ్యి" అంది. మిగిలిన పెళ్లల మీద వార్నిష్ పొర ఒలిచి, వాటినీ తనే వేసింది. అన్ని వాడల పిల్లలూ గుంటలో దిగి, ఒకరి భుజాలొకరు పట్టుకుని తొక్కారు. ఆ మట్టితోనే నాలుగు గోడలూ మెత్తాం.

తడి గోడల మధ్య నిలబడి విరజ, "అవ్వ ఆఖరి గుర్రం పోయింది సారూ. నేనే పోగొట్టాను" అంది.

పెంటయ్య సారు చేతికంటిన మట్టి తుడుచుకోలేదు. "అలాగా అమ్మా. అయితే అది ఏ గోడలో లేదో చూపించు" అన్నారు.

సుగుణా, ఆ రోజు మట్టి తొక్కిన పిల్లల్లో మీ అమ్మా ఉంది, ఆమెకు ఇదంతా తెలుసు. అవ్వ పేరు భీంబాయేనా, రాజుబాయా? ఒకసారి అడిగి సరిచూడవే తల్లీ.